రిటర్న్ వేసినంత మాత్రాన పన్ను కట్టినట్టు కాదు

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా ఆయన సొంత కారును ఒక ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు దగ్గర పెట్టి, కంపెనీ ఉద్యోగులను తీసుకెళ్లే డ్యూటీ చేస్తారు. రేషన్ కార్డులో ఇంటి యజమానురాలిని నేనే. ఇంటి యజమానురాలికి కర్ణాటక ప్రభుత్వం ఇచ్చే గృహలక్ష్మి కింద నెలకు 2,000 రూపాయలు వచ్చేవి. పిల్లల బడి ఆటోకు ఆ డబ్బే ఆధారం. కొన్ని నెలలుగా అది ఆగిపోయింది. బెంగళూరు వన్ ప్రభుత్వ సేవా కేంద్రంలో ఎన్నిసార్లు అడిగినా ‘మీ భర్త ఐటీ కడుతున్నట్టు కంప్యూటర్ చూపిస్తోంది’ అంటున్నారు. కారు లోను కోసం 2023-24 సంవత్సరానికి రిటర్న్ వేశాం. ఆదాయం 3,80,000 చూపించాం. కాంట్రాక్టరు ముందుగానే పన్ను కింద కోసి కట్టిన టీడీఎస్ 9,000లో 8,000 తిరిగి వచ్చింది. మూడు ఇళ్ల అద్దెలు నగదుగా తీసుకునే మా ఓనరమ్మకు మాత్రం గృహలక్ష్మి వస్తోంది. సబ్బు కొన్నా జీఎస్టీ కట్టే మాకు ఇదేం న్యాయం? ఊళ్లో ఉన్న మా అత్తగారిని ఇక్కడి కార్డులో యజమానురాలిగా చేర్పిస్తే, ఆమెకు భర్త లేరు కాబట్టి ఐటీ తనిఖీ ఉండదని ఒక ఏజెంటు చెబుతున్నాడు. అలా చేయవచ్చా?

జవాబు: ముందు మీ ఓనరమ్మను పక్కన పెట్టండి. అనర్హులకు అందుతోంది కనుక నాకూ ఇమ్మనడానికి రాజ్యాంగం 14వ అధికరణం పనికిరాదని, తప్పులో సమానత్వం ఉండదని సుప్రీంకోర్టు అనేకసార్లు చెప్పింది. బ్యాంకు ద్వారా వచ్చే డ్రైవరు సంపాదన ప్రభుత్వానికి కనబడుతుంది, చేతికి వచ్చే అద్దె కనబడదు. ఆ లోటు భారం నిజాయితీగా రిటర్న్ వేసిన ఇంటి మీద పడటం అన్యాయమే, అది సరిదిద్దవలసిన విషయమే. అయితే మీ దరఖాస్తు గెలిచేది ఆ వాదనతో కాదు. తేల్చవలసినది ఒక్కటే: 2023-24లో మీ భర్త ఆదాయపు పన్ను చెల్లించారా, లేదా?

2023 ఆగస్టు 30న మైసూరులో ప్రారంభమైన ఈ పథకంలో ఆ మహిళ గానీ ఆమె భర్త గానీ ఆదాయపు పన్ను చెల్లింపుదారైతే, లేదా జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవారైతే, అనర్హులు. జీఎస్టీ విషయంలో రిటర్న్ వేయడమే అడ్డంకి, ఆదాయపు పన్ను విషయంలో మాత్రం చెల్లింపు అడ్డంకి. మీ కేసంతా ఈ తేడా మీదే నిలబడుతుంది. కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది 3,00,000 దాటిన ఆదాయం మీద 5 శాతం లెక్కన మీవారికి పడిన పన్ను 4,000 రూపాయలు. ఆదాయం 7,00,000 లోపే కనుక సెక్షన్ 87ఎ రిబేటు (పన్ను మాఫీ) ఆ 4,000ను పూర్తిగా తుడిచేసింది. అంటే పన్ను సున్నా. మరి శాఖ 1,000 రూపాయలు ఎందుకు ఉంచుకుంది? మీవారు 2024 జూలై 31 గడువు దాటాక రిటర్న్ వేసి ఉంటారు. అది సెక్షన్ 234ఎఫ్ కింద ఆలస్య రుసుము, పన్ను కాదు. అయినా మీ పేరు ఎదుట చెల్లింపుగా కనబడటానికి ఆ వెయ్యే కారణమై ఉండవచ్చు. లోను అవసరమని తెలిసీ గడువు దాటేదాకా కూర్చోవడం మీ ఇంటివారి నిర్లక్ష్యమే. ఇకముందు ఏ ఏడాదీ అలా చేయకండి.

దీనికి సాక్ష్యం మీరు చెప్పే మాట కాదు, ఏజెంటు రాయించే స్టాంపు కాగితమూ కాదు. రిటర్న్ పరిశీలించాక ఆదాయపు పన్ను శాఖ సెక్షన్ 143(1) కింద పంపిన ఇంటిమేషన్ మీవారి ఈ-మెయిల్‌లోనో, ఈ-ఫైలింగ్ ఖాతాలోనో ఉంటుంది. అందులో రిబేటు పోగా మిగిలిన పన్ను సున్నా అన్న వరుస, రుసుము 1,000 అన్న వరుస, రీఫండు 8,000 అన్న వరుస విడివిడిగా కనబడతాయి. దానికి ఫారం 26ఎఎస్ (పాన్ మీద జమ అయిన టీడీఎస్ చూపే పత్రం), రీఫండు జమ అయిన బ్యాంకు పేజీ జత చేయండి. రిటర్న్ వేసిన ఆడిటరు మీవారి పాన్ మీద జీఎస్టీ నంబరు కూడా తీసుకున్నాడేమో జీఎస్టీ పోర్టల్‌లో చూసుకోండి. ఆ నంబరు మీద సున్నా రిటర్నులైనా వేస్తూ ఉంటే పైన చెప్పిన వాదన మీకు పనిచేయదు.

మీరు రాయని విషయం ఒకటుంది: కార్డు బీపీఎల్‌దా (దారిద్ర్యరేఖకు దిగువ), ఏపీఎల్‌దా (ఎగువ)? కర్ణాటకలో బీపీఎల్ కార్డుకు కుటుంబ వార్షికాదాయ పరిమితి 1,20,000 రూపాయలు. మీరు చూపించబోయే కాగితంలోనే 3,80,000 ఉంది. కార్డు బీపీఎల్‌దైతే అధికారి అడగకముందే ఏపీఎల్‌కు మార్చమని దరఖాస్తు ఇవ్వండి. రేషన్ బియ్యం పోతాయి గానీ గృహలక్ష్మి పోదు, ఏపీఎల్ కార్డున్న ఇళ్లకూ ఈ పథకం వర్తిస్తుంది.

ఏజెంటు చెప్పిన దారిలో అడుగు పెట్టవద్దు. ఆహార భద్రతా చట్టం, 2013 ఇంట్లోని పెద్ద వయసు స్త్రీనే కార్డుకు యజమానురాలిగా గుర్తిస్తుంది. కాబట్టి మీ అత్తగారు నిజంగా మీతో ఉంటే ఆమె పేరు రాయించడంలో తప్పులేదు. కానీ ఆమె మదనపల్లెలో ఉన్నారు. అక్కడి రైస్ కార్డులో ఆమె పేరు ఉంటే, ఆధార్ అనుసంధానం వల్ల రెండు రాష్ట్రాల్లో ఒకే మనిషి ఇట్టే బయటపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆమె వితంతు లేదా వృద్ధాప్య పింఛను తీసుకుంటూ ఉంటే అది నెలకు 4,000 రూపాయలు. మీ 2,000 కోసం ఆ ముసలమ్మ 4,000 పోగొడతారా? పైగా అబద్ధపు ప్రమాణ పత్రం ఇచ్చి ప్రభుత్వ సొమ్ము తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత కింద తప్పుడు ప్రకటన, మోసం నేరాలు మీ మీదే పడతాయి. సంతకం మీది, ఏజెంటుది కాదు.

ఇన్నిసార్లు తిరిగీ ఒక్క కాగితమైనా రాసి ఇవ్వలేదు మీరు. కౌంటర్లో అడిగినదానికి రుజువు లేదు. కన్నడంలో ఒక దరఖాస్తు రాయించి, పై పత్రాలు జతచేసి, మహిళా శిశు అభివృద్ధి శాఖలోని మీ ప్రాంత సీడీపీఓకు (శిశు అభివృద్ధి పథకం అధికారికి) ఇచ్చి, నకలు మీద సీలు, తేదీ వేయించుకోండి. ఏయే నెలల డబ్బు ఆగిందో అందులో నెలల పేర్లతో రాసి, బకాయితో సహా అడగండి. అదే వారంలో సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో, ఏ రికార్డు ఆధారంగా ఆపారో అడగండి. కర్ణాటక నిబంధనల ప్రకారం దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాలు మించకుండా ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి, ఆ గడువు వదులుకోవద్దు.

అప్పటికీ కదలకపోతే డబ్బు ఇవ్వమని అధికారిని ఆదేశించాలంటూ 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. రిట్‌కు చట్టం ఇన్ని రోజులని గడువు పెట్టలేదు గానీ, కారణం లేకుండా ఏళ్లు గడిపినవారిని కోర్టు తిప్పి పంపగలదు. ముందుగా రాతపూర్వకంగా అడిగి, కాదనిపించుకున్నవారికే సాధారణంగా అలాంటి ఆదేశం దొరుకుతుంది, సీలు వేయించుకోమన్నది అందుకే. వకీలు ఫీజు గురించి బెంగపడవద్దు. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ 143(1) కాగితం, సీలున్న నకలు వెంట తీసుకెళ్లండి.