వాంతులవుతున్నా బ్యాండ్ ఇంకా బిగించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, నాకు 38 ఏళ్లు. ఏడాదిన్నర కిందట హైదరాబాద్‌లో గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్నాను. 16 కిలోలు తగ్గాక ఆగిపోయింది. నెల కిందట వెళ్లి బ్యాండ్ బిగించుకొచ్చాను. అప్పటి నుంచి నాలుగు ముద్దలు తింటే గుండెల దగ్గర పట్టేసి వాంతవుతోంది, రాత్రి పడుకుంటే ఒకటే దగ్గు. పాయసం, ఐస్‌క్రీమ్, పూతరేకులు మాత్రం హాయిగా దిగుతున్నాయి. బరువేమో కిలో పెరిగింది. ఇంకోసారి బిగిస్తే తగ్గుతానా? మళ్లీ అంత దూరం వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: వద్దమ్మా, ఇంకా బిగించుకోవద్దు. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పుడున్నదే ఎక్కువ బిగుతులా ఉంది, ముందు దాన్ని వదులు చేయించుకోవాలి.

పొట్ట పైభాగం చుట్టూ వేసిన ఆ సిలికాన్ పట్టీకి లోపలివైపు బెలూన్ ఉంటుంది, చర్మం కింద ఉన్న పోర్టులోంచి (సూది గుచ్చడానికి అమర్చిన చిన్న డబ్బీ) దానిలోకి సెలైన్ ఎక్కిస్తే బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. సరిగ్గా కుదిరితే కొంచెం తినగానే కడుపు నిండినట్టుండి కొన్ని గంటలు ఆకలి వేయదు, అన్నం కూర మాత్రం నెమ్మదిగా నమిలితే దిగాలి. వాంతులు బ్యాండ్ పనిచేస్తోందనడానికి గుర్తు కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. గట్టి తిండి దిగనప్పుడు ఎవరికైనా చెయ్యి మెత్తటి తీపి మీదికే పోతుంది, పూతరేకు నోట్లోనే కరిగిపోయాక దానికి బ్యాండ్ ఏం అడ్డం? బరువు అక్కడ పెరిగింది, అందులో మీ తప్పేమీ లేదు.

రాత్రి దగ్గును తేలిగ్గా తీసుకోకండి. పైన నిలిచిన తిండి, పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పదే పదే వాంతులవుతుంటే బ్యాండ్ కింద ఉండాల్సిన పొట్ట పైకి జారే ప్రమాదమూ ఉంది, దాన్ని బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రేలో చూస్తారు. అందుకని ఈ వారంలోనే వెళ్లండి. మంచినీళ్లు కూడా దిగకపోయినా, కడుపులో తీవ్రంగా నొప్పి వచ్చినా, వాంతిలో రక్తం పడినా, పోర్టు దగ్గర ఎర్రబడి జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. వారాల తరబడి వాంతులైతే బి1 విటమిన్ పడిపోతుంది, కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం దాని గుర్తులు. గ్లూకోజ్ పెట్టే ముందే వాంతుల సంగతి చెప్పి బి1 ఇంజెక్షన్ అడగండి.

దూరం సంగతికొస్తే, ఆపరేషన్ చేసిన సర్జన్‌కు రేపే ఫోన్ చేసి కాకినాడలోనో రాజమండ్రిలోనో ఈ పని తెలిసినవారు ఉన్నారేమో అడగండి. బ్యాండ్ ఏ కంపెనీదో, లోపల ఎన్ని మిల్లీలీటర్లు ఉందో రాసిన కాగితం వెంట ఉంచుకోండి. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత మాత్రం ఆ సెలైన్ తీయించుకోకండమ్మా, దానికి వేరే సూది ఉంటుంది, మామూలు సూది గుచ్చితే పోర్టు పాడై కారిపోతుంది.

వదులు చేశాక ఒకటి రెండు రోజులు పలుచటి మజ్జిగ, పప్పుకట్టు తాగి, తర్వాత మెత్తటివి మొదలుపెట్టండి. ముందు గుడ్డో, ముళ్లు తీసిన చేప ముక్కో తిని, అన్నం ఆఖర్న రెండు ముద్దలు చాలు, అదీ ముద్దకట్టకుండా పొడిపొడిగా ఉండాలి. తినేటప్పుడు నీళ్లు తాగకండి, అరగంట ఆగండి. సోడాలు వద్దు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మీ అంతట మీరు వేసుకోకండి. కొన్ని వారాలు వాంతుల్లేకుండా తింటూ కూడా త్వరత్వరగా ఆకలేస్తుంటే, అప్పుడు కొంచెం బిగించే మాట సర్జన్‌తో మాట్లాడవచ్చు.