మూతపడిన ఐసు ఫ్యాక్టరీ చరిత్ర: ముందు డబ్బాలు లెక్కపెట్టండి

చిన్న పట్టణంలో ఎప్పుడో మూతపడిన ఐసు ఫ్యాక్టరీ చరిత్ర రాయాలనుకుంటున్నానని, కాగితాలేవీ దొరకడం లేదని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. వయసులో ఉండగా అలాంటి ఫ్యాక్టరీలో మూడేళ్లు రాత్రి షిఫ్టు చేశాను. చాలా ఏళ్ల తర్వాత దాని చరిత్ర నేనే రాసుకున్నాను. కాగితాల సంగతి తర్వాత చూడవచ్చు, ముందు ఆ కట్టడంలోకి వెళ్లండి. సామాను పాత ఇనుముకు పోయిందంటే ఇక చెప్పేవాళ్లు ఉండరు.

లోపల చెక్క మూతలు పరిచిన పెద్ద తొట్టి ఉంటుంది. దాన్నిండా ఉప్పునీరు, అందులో వరుసలుగా దించిన రేకు డబ్బాలు. అమోనియా యంత్రం ఆ ఉప్పునీటిని సున్నాకు దిగువన పది డిగ్రీల దాకా చల్లబరుస్తుంది. ఉప్పు ఉన్నందువల్ల తొట్టిలోది గడ్డకట్టదు, డబ్బాలోని మంచినీరు గడ్డకడుతుంది. డబ్బాలెన్నో లెక్కపెట్టి, ఒకదాని కొలతలు తీసుకోండి. పెద్ద దిమ్మ 136 కిలోలు ఉంటుంది, గట్టిపడడానికి రెండు రోజులు పడుతుంది. అలాంటి డబ్బాలు 200 ఉంటే రోజుకు పదమూడున్నర టన్నులు తీసేవారన్నమాట. ఏ రిజిస్టరూ లేకుండానే ఆ ఊరికి ఎంత ఐసు కావలసివచ్చిందో తేలిపోతుంది. డబ్బాలు సన్నగా ఉంటే లెక్క మారుతుంది. ముందు కట్టిన ఐసే లోపలి నీటికి చలి తగలకుండా అడ్డుపడుతుంది కాబట్టి, మందం రెట్టింపయితే సమయం నాలుగింతలవుతుంది.

తొట్టి లేకుండా, రెండు పొరల గోడల మధ్య రంపపు పొట్టు నింపి ఉంటే అది తయారీ కేంద్రం కాదు, నిల్వ ఇల్లు. వేడిని లోపలికి రానివ్వని ఇలాంటి పొరల శక్తి తక్కువేమీ కాదు. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో బయలుదేరిన 180 టన్నుల చెరువు మంచులో నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా సుమారు 100 టన్నులు మిగిలింది.

ఒక్క విషయంలో నేను పొరపడ్డాను. అమోనియాను అణిచే కంప్రెసరు మీది ఇత్తడి పలకపై సంవత్సరం చూసి, అదే ఫ్యాక్టరీ పుట్టిన సంవత్సరమని రాశాను. ఆ యంత్రాన్ని వేరే చోట వాడాక కొనుక్కొచ్చారని పాత ఫిట్టరు ఒకాయన చెప్పాకే తెలిసింది. పలక మీది సంవత్సరాన్ని స్థలం దస్తావేజుతో, కరెంటు కనెక్షను తేదీతో సరిచూసుకోండి.

పనిచేసినవాళ్లను కలిసినప్పుడు "ఎప్పుడు పెట్టారు?" అని అడగకండి, తేదీలు ఎవరికీ గుర్తుండవు. పని ఎలా చేసేవారో అడగండి. దిమ్మ నడిమికి నీళ్లలోని లవణాలన్నీ చేరి తెల్లటి చార పడుతుంది. అది రాకుండా డబ్బాలోకి గొట్టంతో గాలి ఊదేవాళ్లం. చివరికి నడుమ మిగిలిన మురికినీటిని పీల్చేసి కొత్త నీరు పోసేవాళ్లం. అమోనియా ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికి గంధకం పుల్ల వెలిగించి గొట్టాల అతుకుల వెంట నడిపేవాళ్లం. కారే చోట దట్టంగా తెల్లటి పొగ లేచేది. నేను ఈ పుల్ల మాట ఎత్తగానే ఆ ఫిట్టరు లేచి వెళ్లి, ఏ అతుకు ఏ వేసవిలో వదిలిందో, అప్పుడు పక్కన ఎవరెవరున్నారో గోడ మీద బొగ్గుతో గీసి చూపించాడు. నా రాతలో సగం అక్కడి నుంచి వచ్చిందే.