ఇంట్లో కందిపప్పు ఉందా? డాలస్ వంటింట్లో సరుకుల లెక్క

డాలస్ వచ్చి ఏడు నెలలైన ఒకమ్మాయి అడిగింది. "అక్కా, మేం ఉండేది ఇద్దరమే. అయినా నెలకోసారి ఏదో ఒకటి పురుగు పట్టి పారేస్తున్నాను. అల్మారాలో కందిపప్పు ప్యాకెట్లు మూడున్నాయి, ఆవాలు మాత్రం లేవు. గోధుమపిండి ఒకరకం వాసన వస్తోంది. ఇవన్నీ ఎలా సర్దుకోవాలి?"

నేనీ ఊరు వచ్చి పంతొమ్మిదేళ్ళు. కొత్తగా వచ్చిన వాళ్ళలో చాలామంది ఇదే అడుగుతారు. అడగ్గానే ఎవరైనా చెప్పేది డబ్బాలు కొనమని. ముందు డబ్బాలు కొనకండి. ఒక శనివారం ఉన్న సరుకంతా బయటికి తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టండి. తెరిచినవి ఒక పక్క, తెరవనివి ఒక పక్క. ఇంగువ డబ్బాలు రెండు, బొంబాయి రవ్వ మూడు చోట్ల, ఎప్పుడు కొన్నారో గుర్తులేని సగ్గుబియ్యం కనిపిస్తాయి. ఇంట్లో ఏముందో తెలియకపోవడం వల్లే ఉన్నదే మళ్ళీ కొంటాం, లేనిది మరిచిపోతాం.

దీనికి మూలం మన అలవాటులో ఉంది. మా అమ్మ ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కందిపప్పు, చింతపండు, కారం సిద్ధం చేసేది. పప్పును డాబా మీద ఎండబెట్టి, ఆముదం పట్టించి, డబ్బాలకెత్తేది. మధ్యమధ్యలో మూత తీసి చూసేది, అనుమానం వస్తే మళ్ళీ ఎండకు వేసేది. ఏడాది నిల్వ అంటే ఏడాది పొడుగునా చాకిరీ. మనం నిల్వ చేయడం ఒక్కటే తెచ్చుకున్నాం. ఆ ఎండా, ఆ డాబా, రోజూ చూసుకునే మనిషీ ఇక్కడ లేరు. కనక కొనడం తగ్గించాలి. ఇద్దరు మనుషులు రోజుకొక పూట అన్నం తింటే 20 పౌండ్ల సోనామసూరి సంచి, అంటే మన లెక్కలో 9 కిలోలు, నెలన్నర వస్తుంది. ఒకటి వాడుతుంటే రెండోది ఇంట్లో ఉంటే చాలు. పప్పులు 4 పౌండ్ల ప్యాకెట్‌కు మించి వద్దు. పెద్ద సంచి పౌండుకు చవకే, కానీ సగం పారేస్తే ఆ లాభం ఎక్కడిది?

ఇది నాకు 2023లో బాగా తెలిసొచ్చింది. ఆ జులై 20న ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. వాట్సాప్‌లో వార్త రాగానే మన వాళ్ళంతా షాపులకు పరుగెత్తారు. నేనూ టెన్షన్ పడి ఆరు సంచులు తెచ్చి గరాజ్‌లో పెట్టాను. టెక్సస్ జులైలో గరాజ్ ఎంత వేడిగా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్టోబరులో మూడో సంచి విప్పి బియ్యం కడుగుతుంటే నీళ్ళ మీద గింజలు తేలాయి. వేలితో నొక్కితే పొట్టులా నలిగాయి. లోపలంతా గుల్ల, ఒక్కో గింజకు సూది గుచ్చినంత బెజ్జం. సంచి అడుగున నల్లటి ముక్కపురుగులు కదులుతున్నాయి. మిగిలిన బియ్యమంతా మూటగట్టి బయట పడేసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎగుమతుల మీద ఆ నిషేధం 2024 సెప్టెంబరు చివర్లో తీసేశారు. అన్నాళ్ళూ షాపుల్లో బియ్యం ధర పెరిగింది కానీ, మా ఇంట్లో ఒక్క పూటా అన్నం మానలేదు.

ముక్కపురుగు గింజకు బెజ్జం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. అందుకే కొన్న రోజు బియ్యం శుభ్రంగా కనిపిస్తాయి. వెచ్చగా ఉంటే నెల తిరిగేసరికి పురుగు బయటికొస్తుంది. చెరిగితేనో జల్లిస్తేనో గింజలోని గుడ్డు పోదు. ఎండు మిరపకాయలు, వేపాకు నేనూ వేస్తాను, అమ్మ వేసేది కాబట్టి. కానీ నేను నమ్ముకున్నది ఫ్రీజర్‌ని. బియ్యం, పప్పులు, రవ్వలు, పిండి ఇంటికి తేగానే గాలన్ జిప్‌లాక్ కవర్లలో పోసి, సున్నా ఫారెన్‌హీట్‌లో, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో, నాలుగు రోజులకు తగ్గకుండా ఉంచుతాను. వీలైతే వారం. 20 పౌండ్ల బియ్యం మూడు నాలుగు కవర్లలో పడతాయి. చోటు లేకపోతే వంతులవారీగా పెట్టండి. తీశాక మాత్రం చల్లదనం పూర్తిగా పోయేవరకు కవరు విప్పకండి. విప్పితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. తర్వాత రబ్బరు అంచున్న మూత గట్టిగా పట్టే డబ్బాలోకి.

సాయంత్రం లైటు దగ్గర బూడిద, ఇటుక రంగుల చిన్న రెక్కల పురుగు ఎగురుతుంటే బయటినుంచి వచ్చిందనుకోకండి. రవ్వలోనో శనగపిండిలోనో పల్లీల్లోనో పుట్టి ఉంటుంది. మూత తీస్తే పిండి సాలెగూడులాంటి దారాలతో ఉండ కట్టి ఉంటుంది. ఆ ప్యాకెట్ పారేసి, అల్మారా మూలలూ మేకు బెజ్జాలూ వాక్యూమ్ చేయాలి. జిగురు అట్టల్లాంటి ఉచ్చులు అమ్ముతారు, వాటికి పడేవి మగవే, కాబట్టి అవి పెట్టి ఊరుకుంటే చాలదు.

అన్నట్టు, ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో బియ్యం పెట్టుకోకండి. ఖాప్రా అనే పురుగు భయంతో ఇక్కడ బియ్యాన్ని బ్యాగేజీలో రానివ్వరు. తినే వస్తువు ఏది తెచ్చినా కస్టమ్స్ దగ్గర చెప్పేయండి.

ఇక అందరూ చేసే పొరపాటు ఒకటి. డబ్బాలో పావువంతు పప్పు ఉండగానే పైన కొత్తది పోసేస్తాం. అడుగున ఉన్నది ఎప్పటికీ అడుగునే ఉంటుంది. పాతబడిన కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా మెత్తబడదు, మనమేమో కుక్కర్‌ని తిడతాం. పాతది గిన్నెలోకి తీసి, డబ్బా తుడిచి, తడి ఆరనిచ్చి, కొత్తది పోసి, పాతది పైన వేయండి.

తారీఖుల దగ్గర జాగ్రత్త. ఇండియాలో ప్యాకైన వాటి మీద 05/08 అంటే ఆగస్టు 5. ఇక్కడ తయారైన పీనట్ బటర్ మీద అదే మే 8. ఇంటికి తేగానే మార్కర్‌తో నెల పేరు అక్షరాల్లో రాసేయండి, తెరిచిన రోజు తారీఖు కూడా. ఇక్కడి ప్యాకెట్ల మీద "బెస్ట్ బై" అని ఉండేది రుచి, నాణ్యత గురించి. ఆ తారీఖు దాటిన మర్నాడే విషమైపోదు. పసిపిల్లల ఫార్ములా పాలపొడి మాత్రం తారీఖు దాటితే వాడకూడదు.

డబ్బాల మీద పేర్లు తెలుగులో రాయండి. మా అమ్మ మొదటిసారి ఆరు నెలలుండి వెళ్దామని వచ్చినప్పుడు, నేను ఆఫీసులో ఉండగా పిల్లలకు చెక్కలు చేద్దామని పిండి కలిపింది. డబ్బా మీద ఇంగ్లీషులో ఉన్నది ఆవిడకు చదవడం రాదు. పిండి చేతికి రబ్బరులా సాగుతుంటే ఏం తప్పు చేశానోనని నాకు ఫోన్ చేసింది. అది మైదా. నలభై ఏళ్ళు ఒక వంటిల్లు నడిపిన మనిషి, నా వంటింట్లో భయంభయంగా మాట్లాడింది. ఆ రాత్రే కాగితం టేపు ముక్కల మీద బియ్యప్పిండి, మైదా, ఇడ్లీ రవ్వ, మినపగుళ్ళు అని రాసి అతికించాను. మా ఆయనకూ పిల్లలకూ కూడా అదే ఉపయోగపడింది. పిల్లలు కూడబలుక్కుని చదివిన మొదటి తెలుగు మాటలు ఆ డబ్బాల మీదివే.

లెక్కకు యాప్‌లు బోలెడున్నాయి, కానీ ఇద్దరూ తెరిచి రాసేదే పనికొస్తుంది. మా ఇంట్లో అల్మారా తలుపు లోపల ఒక కాగితం, దారంతో కట్టిన పెన్ను. చివరి ప్యాకెట్ విప్పిన వాళ్ళే ఆ పేరు రాయాలి. అయిపోయాక కాదు, విప్పినప్పుడే. షాపుకు వెళ్ళేముందు ఆ కాగితాన్నీ అరలనూ ఫోటో తీసుకుంటాం. ఇండియా ప్రయాణానికి నెల ముందు నుంచి కొత్తగా ఏమీ కొనం, ఉన్నవే వండుకుంటాం.

స్టవ్ పక్కనా పైనా ఉన్న అరలో పోపుల డబ్బా తప్ప ఏదీ వద్దు, ఆ వేడికి నూనె, జీడిపప్పు, ఎండు కొబ్బరి చేదెక్కుతాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న కారం ఫ్రీజర్‌లో పెట్టి, పది రోజులకు సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. రంగూ ఘాటూ నిలుస్తాయి.

మీ గోధుమపిండి సంగతి. గోధుమ మొలక భాగంలో నూనె ఉంటుంది, పొట్టుతో సహా ఆడిన పిండి అందుకే త్వరగా ముక్కిపోతుంది. చిటికెడు నాలుక మీద వేసుకోండి. చేదు తగిలితే పారేయండి, చపాతీ కాల్చినా ఆ వాసన పోదు. ఈసారి చిన్న సంచి కొని, వాడేది ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వెళ్ళినప్పుడు ఆవాలు మరిచిపోకండి.