ఫోన్‌లో వచ్చే పాట విండోస్‌లో ఎందుకు రాదు?

ప్రశ్న: ఇంట్లో పాటలన్నీ ఒక మ్యూజిక్ సర్వర్‌లో పెట్టుకుని ఏళ్లుగా వింటున్నాం. కొత్త విండోస్ 11 కంప్యూటర్ కొన్నాక నెట్‌వర్క్‌లో ఆ సర్వర్ పేరే కనిపించడం లేదు. ఫోన్ యాప్‌లో మాత్రం పాటలు బాగానే వస్తున్నాయి. ఒక వీడియోలో చెప్పినట్టు ఎస్‌ఎంబీ1 ఆన్ చేస్తే పనిచేసింది. ఇక అలాగే ఉంచేయవచ్చా?

జవాబు: వద్దు. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ అనే పద్ధతికి తొలి వెర్షన్ ఎస్‌ఎంబీ1. దాన్ని ఈ రోజే ఆపేయండి. ఇదే ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. సర్వర్ మారుతుంది, ఎర్రర్ నంబర్ మారుతుంది, చివర్లో ‘వీడియో చూసి ఎస్‌ఎంబీ1 ఆన్ చేశాను’ అన్న మాట మాత్రం మారడం లేదు. అందుకే ఈసారి దీని మీదే వివరంగా రాస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి. యాప్ పాటలను అడిగే దారి వేరు, విండోస్ ఫోల్డర్‌ను తెరిచే దారి వేరు. యాప్ మామూలుగా డీఎల్‌ఎన్‌ఏ (ఇంట్లోని పరికరాలు పాటలు, వీడియోలు పంచుకునే పద్ధతి) ద్వారానో, కంపెనీ సొంత పద్ధతిలోనో పాటను వినిపించమంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కు కావాల్సింది ఫైళ్లు. అందుకు ఎస్‌ఎంబీ అనే ప్రోటోకాల్ వాడుతుంది. ఫోన్‌లో పాట వస్తోందంటే సర్వర్ బాగానే ఉంది, దాన్ని రీసెట్ చేయాల్సిన పనిలేదు. కంప్యూటర్ గెస్ట్ వైఫైలో ఉందేమో, వీపీఎన్ ఏదైనా ఆన్‌లో ఉందేమో, విండోస్‌లో మీ నెట్‌వర్క్ ‘ప్రైవేట్’గా కాకుండా ‘పబ్లిక్’గా సెట్ అయిందేమో ఒకసారి చూసుకోండి. ఇవేవీ కాకపోతే అసలు చిక్కు ఎస్‌ఎంబీ దగ్గరే.

చాలామంది ఇక్కడ రెండు సమస్యలను ఒకటిగా కలిపేస్తున్నారు. పేరు కనిపించకపోవడం ఒకటి, ఫోల్డర్ తెరుచుకోకపోవడం మరొకటి. పాత సర్వర్లు ‘నేనున్నాను’ అని నెట్‌వర్క్‌లో చాటుకునే పద్ధతి ఎస్‌ఎంబీ1ను అంటిపెట్టుకుని ఉండేది. విండోస్ 10లో 2017 అక్టోబరులో వచ్చిన 1709 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ1ను డిఫాల్ట్‌గా ఇవ్వడం మానేశారు. దాంతో పేర్ల జాబితా కూడా పోయింది. అంతమాత్రాన సర్వర్ అందదని కాదు. రౌటర్ పేజీలో మీ సర్వర్ ఐపీ అడ్రస్ ఏమిటో చూడండి. అది 192.168.1.20 అనుకుందాం. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనున్న అడ్రస్ గడిలో \\192.168.1.20 అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ముందున్న రెండు గీతలూ వెనక్కి వాలినవే ఉండాలి. వెబ్ అడ్రస్‌లో వాడే గీతలు పెడితే బ్రౌజర్ తెరుచుకుని కూర్చుంటుంది.

ఫోల్డర్లు కనిపిస్తే సంతోషం. రౌటర్‌లో ఆ ఐపీ మారకుండా రిజర్వ్ చేసి, ఫోల్డర్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోండి. పేరు కనిపించినా కనిపించకపోయినా ఇక మీకు అనవసరం.

యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగితే సగం పని అయిపోయినట్టే. అక్కడ ఇవ్వాల్సింది సర్వర్‌లో పెట్టుకున్న యూజర్ పేరు, పాస్‌వర్డ్. కంప్యూటర్ తెరవడానికి వాడే నాలుగంకెల పిన్‌ను అక్కడ కొట్టి ‘తీసుకోవడం లేదు’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. పిన్ ఆ కంప్యూటర్ దాటి పనిచేయదు. గతంలో తప్పు పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి వెళ్లి దాన్ని తీసేయండి. లేకపోతే విండోస్ ఆ పాతదాన్నే మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది.

‘మీ సంస్థ భద్రతా విధానాల వల్ల గెస్ట్ యాక్సెస్ కుదరదు’ అనే అర్థం వచ్చే మెసేజ్ వస్తే, సర్వర్ పాస్‌వర్డ్ లేకుండా ఎవరినైనా లోపలికి రానిస్తోందని అర్థం. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి ఇలాంటి గెస్ట్ ప్రవేశాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు ‘సంస్థ’ ఎక్కడిదని జనం కంగారుపడుతున్నారు. పడరా మరి? ఇక 80070035 ఎర్రర్ సంగతి మరీ దారుణం. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, పేరు తప్పు కొట్టినా, ఫైర్‌వాల్ అడ్డుకున్నా ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అనే ఒకే ముక్క. ‘ఈ ఫోల్డర్‌కు పాత, భద్రత లేని ఎస్‌ఎంబీ1 కావాలి’ అని విండోస్ కొన్నిసార్లు చెబుతుంది గానీ, ప్రతిసారీ ఎర్రర్ విండోలోనే ఆ ఒక్క లైను రాసి ఉంటే, ఇంతమంది ఆ వీడియోల వెంట పడేవాళ్లే కాదు. భద్రత కోసం తలుపు మూయడం మంచిదే. ఎందుకు మూశారో తలుపు మీద రాయకపోతే జనం గొళ్లెం విరగ్గొట్టుకునే వెళ్తారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా భయం వేసే విషయానికి వస్తాను. ఎస్‌ఎంబీ1 అనేది 1980ల నాటి పద్ధతి. నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లంతా మనవాళ్లే అనుకునే రోజుల్లో తయారైంది. ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా మార్చడం) లేదు. మధ్యలో ఎవరైనా చొరబడి సమాచారం మార్చకుండా కొత్త వెర్షన్లలో ఉన్న రక్షణలు ఇందులో లేవు. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) విరుచుకుపడింది ఈ ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే. 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లు లాక్ అయిపోయాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దయ్యాయి. ఆ లోపానికి ప్యాచ్ (సరిచేసే అప్‌డేట్) అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేయనివాళ్లు దెబ్బతిన్నారు.

‘ఆ ప్యాచ్ నా కంప్యూటర్‌లో ఉంది కదా, ఇంకా భయమెందుకు?’ అని మీరు అడగవచ్చు. మీ కంప్యూటర్‌లో ఉంది. మీ మ్యూజిక్ సర్వర్‌లో ఉందా? ఈ పెట్టెల్లో ఎక్కువ భాగం లోపల లైనక్స్‌తో నడుస్తాయి, ఫైల్ షేరింగ్‌కు సాంబా అనే సాఫ్ట్‌వేర్ వాడతాయి. అదే 2017 మేలో సాంబాలోనూ పెద్ద లోపం బయటపడింది. 2010లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచీ ఉన్న లోపం అది. రాసే అనుమతి ఉన్న షేర్డ్ ఫోల్డర్‌లోకి ఒక ఫైల్ ఎక్కించి, దాన్ని సర్వర్ చేతే నడిపించవచ్చు. పాస్‌వర్డ్ లేకుండా, అందరికీ రాసే అనుమతితో తెరిచి పెట్టిన పాటల ఫోల్డర్ ఎలాంటిదో ఇప్పుడు ఆలోచించండి. ఇంట్లోకి వచ్చిన ఏదో ఒక ఫోన్‌లోనో, చౌక కెమెరాలోనో మాల్‌వేర్ ఉంటే చాలు, దానికి ఎదురులేదు.

ఆ వీడియోల్లో మరో అన్యాయం ఉంది. విండోస్ ఫీచర్లలో ఎస్‌ఎంబీ1 కింద మూడు గడులుంటాయి: క్లయింట్, సర్వర్, వాడకపోతే దానంతటదే తొలగిపోయే ఏర్పాటు. పాత పెట్టెను చేరడానికి కావాల్సింది క్లయింట్ ఒక్కటే. వీడియోలు మూడూ టిక్ పెట్టమంటాయి. అంటే మీ కంప్యూటర్ కూడా ఎస్‌ఎంబీ1 సర్వర్‌గా మారుతుంది. వాన్నాక్రై దాడి చేసింది సరిగ్గా ఆ భాగం మీదే.

సరైన దారి ఇది. సర్వర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లి ముందు ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. ఎస్‌ఎంబీ2 లేదా ఎస్‌ఎంబీ3 ఎంచుకునే వీలుంటే ఎంచుకోండి, చాలా పెట్టెల్లో ఇది ‘అడ్వాన్స్‌డ్’ కింద దాగి ఉంటుంది. గెస్ట్ ప్రవేశం ఆపి ఒక యూజర్‌ను, పాస్‌వర్డ్‌ను పెట్టండి. రోజూ పాటలు వినే కంప్యూటర్‌కు చదివే అనుమతి చాలు.

కొత్త ఫర్మ్‌వేర్ లేదు, ఎస్‌ఎంబీ2 ఊసే లేదంటారా? ఇక్కడ నా కోపం మీ మీద కాదు. ఎస్‌ఎంబీ2 విండోస్ విస్టాతోనే వచ్చింది. ఏ పరికరాలు ఇంకా ఎస్‌ఎంబీ1నే అడుగుతున్నాయో 2017లో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు ఏకంగా జాబితా తయారుచేసి అందరి ముందూ పెట్టారు. అయినా కొన్ని కంపెనీలు అప్‌డేట్ ఇవ్వకుండా, తమ సహాయం పేజీల్లో ‘ఎస్‌ఎంబీ1 ఆన్ చేసుకోండి’ అని రాసి చేతులు దులుపుకున్నాయి. అమ్మిన పరికరం బాగుచేయడం మానేసి, కొన్నవాడి కంప్యూటర్‌కు రక్షణ తగ్గించుకోమనడం నా దృష్టిలో మోసమే. పదేళ్లు పాడవకుండా నిలిచే పెట్టెలకు రెండు మూడేళ్లలో అప్‌డేట్లు ఆపేసే అలవాటు మారాలి. కొనేముందే ‘ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు’ అని అడగండి, సమాధానం రాకపోతే కొనకండి.

అలాంటి పెట్టె నుంచి పాటలను బయటకు తెచ్చుకోవాలి. యూఎస్‌బీలోకి కాపీ చేసే సౌకర్యం ఉంటే అదే మేలు. లేకపోతే ఎస్‌ఎంబీ1 క్లయింట్ ఒక్కటే ఆన్ చేసి, అన్నీ కాపీ చేసుకుని, వెంటనే ఆపేయండి. హార్డ్‌డిస్క్ ఊడదీసి విండోస్‌కు తగిలించాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ డిస్క్ మామూలుగా లైనక్స్ ఫార్మాట్‌లో ఉంటుంది కనుక విండోస్‌కు అర్థం కాదు, ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. అక్కడ సరేనని ఫార్మాట్ చేస్తే పాటలు పోయినట్టే. క్యాన్సిల్ నొక్కి, లైనక్స్ ఉన్న కంప్యూటర్‌తో తెరవండి.

ప్రశ్న: బయటికి వెళ్లినప్పుడూ ఈ పాటలు వినాలని ఉంది. రౌటర్‌లో 445 పోర్టు తెరిస్తే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: ఎవరన్నారో గానీ వాళ్ల మాట ఇక వినకండి. 445 అనేది ఎస్‌ఎంబీ వాడే పోర్టు, అంటే నెట్‌వర్క్‌లో దాని ద్వారం. దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే, తెరిచి ఉన్న పోర్టుల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములకు మీ ఇల్లు ఇట్టే దొరుకుతుంది. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కు నేరుగా తగిలి ఉన్న స్టోరేజ్ పెట్టెల్లో చొరబడి ఫైళ్లన్నీ లాక్ చేసి బిట్‌కాయిన్లు అడిగింది. కొన్నిసార్లు పోర్టులు తెరిచింది యజమాని కూడా కాదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే పెట్టే అడిగి తెరిపించుకోగలదు. ముందు దాన్ని ఆఫ్ చేయండి. రౌటర్‌లో వీపీఎన్ సర్వర్ సౌకర్యం ఉంటే ఫోన్‌ను దాని ద్వారా ఇంటికి కలిపి పాటలు వినండి. లేదంటే బయలుదేరే ముందు కావాల్సిన పాటలు ఫోన్‌లోకి కాపీ చేసుకోండి.