మీ నాన్న మిరపకాయ తుంచి చూడలేదు

అమ్మడూ,

నువ్వు రాత్రి పెట్టిన మెసేజి చదివాను. నాన్న రెండు నెలలుగా కొట్టుకి సరిగ్గా వెళ్ళట్లేదు, ఎవరన్నా వస్తే గదిలోకి పోయి పడుకుంటున్నాడు, అడిగితే గ్యాస్ అంటున్నాడు, అమ్మేమో దిష్టి అంటోంది, ఏం చెయ్యను మావయ్యా అన్నావు. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగే అవుతుంది.

నాకు పోయిన నెల మిర్చి యార్డులో బావ కొట్టుకి వెళ్ళినప్పుడే అనుమానం వచ్చింది. ఎవరో రైతు తేజ రకం తెచ్చి బల్ల మీద గుప్పెడు పోశాడు. బావ సంగతి తెలుసుగా, కాయ చేతికొస్తే తొడిమ తుంచి, చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు విని, ఓసారి వాసన చూసి రేటు చెప్పేస్తాడు. ఆరోజు ఒక కాయ తీసుకుని కాసేపు అలాగే పట్టుకుని మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. "నువ్వే చూడరా" అని గుమాస్తాకి వదిలేశాడు. అది చూసి నాకు భయం వేసింది, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాగే చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడిపోయినవాణ్ణి. ఈ సంగతి నీకు తెలియదు, బావకీ తెలియదు, మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. దాని గురించి తర్వాత.

డిప్రెషన్ అని తేల్చడానికి రక్త పరీక్ష లేదు, స్కానింగ్ లేదు. డాక్టరు అడిగి తెలుసుకోవాల్సిందే. మనసు దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, ఈ రెండింట్లో ఒకటన్నా ఉండాలి. దాంతోపాటు నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత లేకపోవడం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, నేనెందుకూ పనికిరానన్న భావన, చావు ఆలోచనలు, అన్నీ కలిపి కనీసం ఐదు, దాదాపు రోజంతా, రెండు వారాలకు తగ్గకుండా ఉంటే జబ్బు కిందే చూస్తారు. తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, పీహెచ్‌క్యూ-9 అంటారు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది గానీ ఆపైన గానీ వస్తే పట్టించుకోవాల్సిందే. లెక్కల మాస్టారిని కాబట్టి నాకది నచ్చింది గానీ, మార్కులు చూసి నువ్వే తీర్పు చెప్పెయ్యకు, ఆ పని డాక్టరుది.

మనవైపు మగాళ్ళు దిగులుగా ఉందని చచ్చినా అనరు. గ్యాస్ అంటారు, గుండె బరువంటారు, మెడ పట్టేసిందంటారు, ఊరికే కసురుకుంటారు. నా విషయంలో అదే జరిగింది. రిటైరవడానికి రెండేళ్ళ ముందు ఒక ఆసుపత్రి చుట్టూ ఏడాది తిరిగాను, ఈసీజీలు తీశారు, గొట్టం వేసి కడుపులోకి చూశారు, సంచెడు గ్యాస్ మాత్రలు రాశారు. రాత్రి ఎలా పడుకుంటున్నావయ్యా అని ఒక్కరు అడగలేదు. నేనేమో రోజూ తెల్లవారుజామున మూడింటికే లేచి పాల బండి చప్పుడు కోసం ఎదురుచూసేవాణ్ణి, అది వస్తే ఒక రాత్రి గడిచిందనుకునేవాణ్ణి.

అలాగని నేరుగా మానసిక జబ్బే అనుకోకు. ముందు మీ ఫిజీషియన్ దగ్గర థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్ చూపించు. థైరాయిడ్ తగ్గినా మనిషి అచ్చం ఇలాగే కుంగిపోతాడు. బావ వేసుకునే బీపీ మాత్రలతో సహా అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళు. సాయంత్రం పుచ్చుకునే మందు సంగతి కూడా దాచకు, అక్క దాచమన్నా సరే. ఇంకోటి, గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి విపరీతమైన హుషారుగా, అడ్డూ అదుపూ లేకుండా ఖర్చు పెట్టి తిరిగాడేమో గుర్తు తెచ్చుకుని చెప్పు. అలాంటివాళ్ళకి ఉత్త డిప్రెషన్ మాత్రలిస్తే కొందరికి ఆ హుషారు మళ్ళీ తలకెక్కుతుంది, వైద్యమే వేరు. (బావ ఓ ఏడు కోల్డ్ స్టోరేజీ నిండా మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, కొని పెట్టాడు చూడు, అది జబ్బు కాదు, వట్టి దురాశ. అయినా చెప్పు.)

అన్నిటికన్నా ముఖ్యం, బావని ఒంటరిగా కూర్చోబెట్టి "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయపడకు, అలా పుట్టదు, చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే దక్కుతుంది. అవునంటే మాత్రం ఒంటరిగా వదలకు, ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. చేను దగ్గర షెడ్డులో పురుగుమందు డబ్బాలుంటే ఇప్పుడే తీయించెయ్. డాక్టరు రాసే మాత్రలు నీ దగ్గరో అక్క దగ్గరో ఉండాలి. అర్ధరాత్రి ఏం తోచకపోతే 14416కి చెయ్యి, టెలిమానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టింది, డబ్బులుండవు, ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు.

ఎక్కడ చూపించాలన్నావు. గుంటూరులో పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, కొత్తపేట నిండా డాక్టర్లే, మంగళగిరి ఎయిమ్స్ ఉంది. కానీ కొత్తపేటలో మెట్లెక్కేటప్పుడు యార్డు మనిషి ఎవడైనా చూస్తాడని బావ ఒప్పుకోడు, నేను రాసిస్తా. నువ్వు విజయవాడలోనే ఉన్నావు కాబట్టి సూర్యారావుపేటలో ఎవరికైనా చూపిద్దాం, అక్కడ అందరూ ఏదో ఒక డాక్టరు కోసం వచ్చినవాళ్ళే.

మాత్రలు చాలావరకు సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి రాస్తారు. మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పుతుంది, తలనొప్పి, కాస్త కంగారు. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరేడు వారాలు పడుతుంది. అందరూ మానేసేది ఇక్కడే, ఇబ్బంది ముందొస్తుంది, మేలు వెనకొస్తుంది కదా. ముందు నిద్ర, ఆకలి బాగుపడతాయి, అది మనకన్నా ఇంట్లోవాళ్ళకే ముందు తెలుస్తుంది. వీటికి అలవాటు పడిపోతారని ఎవడో ఒకడు అంటాడు, అది నిద్రకో ఆందోళనకో కొద్ది రోజులకని ఇచ్చే ఆల్ప్రజోలమ్ లాంటి వాటి సంగతి. పెద్ద వయసువాళ్ళకి ఒక్కోసారి ఒంట్లో సోడియం తగ్గుతుంది, తూలుతున్నా, మాట తికమకగా వస్తున్నా వెంటనే చెప్పాలి.

నేను చేసిన తెలివితక్కువ పని విను. చివరికి నాకూ ఇలాంటి మాత్రలే రాశారు, మూడు నెలలకి బ్రహ్మాండంగా ఉంది, ఇక ఎందుకులే అని ఒక సోమవారం నాకు నేనే ఆపేశాను. మూడో రోజుకి తల తిప్పితే చాలు లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. అదైతే తగ్గింది గానీ రెండు నెలలు తిరక్కముందే మళ్ళీ పాల బండి కోసం ఎదురుచూస్తున్నా. బాగైపోయాక కూడా కనీసం ఆరు నెలలు అదే డోసు వాడాలట, ఆపినా మెల్లగా తగ్గిస్తూ ఆపాలట, రెండోసారి వస్తే ఇంకా ఎక్కువ కాలమట. ఈ సంగతి డాక్టరు మొదటిరోజే చెప్పారు, బుర్రకెక్కలేదంతే.

కౌన్సెలింగ్ చెబితే తీసుకెళ్ళండి, జబ్బు తేలికగా ఉంటే ఒక్కోసారి మాత్రల్లేకుండా అదే సరిపోతుంది. "నీకేం తక్కువ, ధైర్యంగా ఉండు" అనే మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనొద్దు. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఇంకాస్త కుంచించుకుపోయేవాణ్ణి. మీ అత్త ఏమీ అనేది కాదు, రోజూ ఆరింటికి పాలు తెమ్మని పంపేది, అంతే. చాన్నాళ్ళకి తెలిసింది, ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లు ఉండగానే పంపేదట. మనసు బాగయ్యాక వెళ్తానంటే ఎప్పటికీ వెళ్ళం, కాళ్ళు ముందు కదలాలి. బావని కూడా అరగంట కొట్టులో కూర్చుని వచ్చేయమను, బేరాలు గుమాస్తా చూసుకుంటాడు. అక్క తాయెత్తు కట్టిస్తానంటే కట్టించనీ, మాత్ర మానిపించకపోతే చాలు.

నా పాత మందుల చీటీలు బీరువాలో ఉన్నాయి. ఆదివారం పట్టుకొస్తా, బావకి నేనే చూపిస్తా, నవ్వితే నవ్వనీ. నువ్వు సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకో. అక్కని గోంగూర చెయ్యొద్దను, నాకిప్పుడు నిజంగానే గ్యాస్.

మావయ్య