బూజు వెయ్యని ఫ్లాస్క్ ఒకటి పెట్టుకో

అమ్మలూ,

నీళ్లలోని యురేనియాన్ని బూజుతో తీసే నీ ప్రాజెక్టు గురించి నిన్న ఫోన్లో మాట్లాడుతూ, నువ్వు బూజును బతికించుకోవడానికే ఆర్నెల్లు పట్టేలా ఉందని టెన్షన్ పడ్డావు కదా, అంత అక్కర్లేదు. చచ్చిన బూజు కూడా యురేనియం పట్టుకుంటుంది. అది అతుక్కునేది చాలావరకు కణం గోడకి, అందులోని గట్టి పదార్థం కైటిన్‌కి, ఫాస్ఫేట్లకి. మన హైదరాబాద్ వానాకాలంలో డబ్బాలో మర్చిపోయిన బ్రెడ్ మీద నల్లచుక్కలతో తెల్లదూది లేస్తుందే, ఆ రైజోపస్ జాతిదే ఇంకో రకాన్ని ఎండబెట్టి 1980ల మొదట్లో కెనడాలో సెజోస్, వోలెస్కీ అనే పరిశోధకులు పరీక్షించారు. పీహెచ్ అంటే నీళ్ల పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ; అది 4 దగ్గర ఉన్నప్పుడు గ్రాము పొడి 180 మిల్లీగ్రాములకు పైగా యురేనియం లాగింది. నువ్వూ ఎండబెట్టి, పొడి చేసి, జల్లించి వాడు.

అసలు తిప్పలు పీహెచ్‌తోనే. మరీ తగ్గిస్తే హైడ్రోజన్ అయాన్లే చోటు ఆక్రమిస్తాయి. పెంచితే ఇంకో మోసం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పీహెచ్ 7 దగ్గర రాత్రంతా షేకర్ మీద పెట్టి, పొద్దున్నే వడగట్టి చూస్తే నీళ్లలో యురేనియం దాదాపు లేదు. ల్యాబంతా టీ తాగించాను! మా సీనియర్ కప్పు కింద పెట్టి, "బూజు వెయ్యని ఫ్లాస్క్ ఏదీ?" అన్నాడు. పెట్టలేదు. మర్నాడు పెడితే అందులోనూ అంతే, అడుగున లేత పసుపు మడ్డి. అది బూజు పట్టింది కాదు, దానంతటదే పేరుకున్నది. అందుకే 4, 5 మధ్య ఉండు, ప్రతి బ్యాచ్‌కీ ఖాళీ ఫ్లాస్క్ పెట్టు, అడుగు కూడా చూడు.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని దగ్గరి లాంటి నీళ్లతో చేద్దామంటున్నావు. అక్కడ ఖనిజాన్ని కార్బొనేట్‌తో కరిగిస్తారు, యురేనియం దానితో జతకట్టి రుణావేశంతో తిరుగుతుంది, బూజు దాన్ని సరిగ్గా పట్టదు. ముందు ఆమ్లం వేసి కార్బొనేట్‌ని పోగొట్టాలి, బుసబుసా పొంగుతుంది, మెల్లగా పొయ్యి. ఇదే లక్షణం తర్వాత పనికొస్తుంది: పొడిని సోడియం బైకార్బొనేట్ నీళ్లతో కడిగితే యురేనియం ఊడొస్తుంది, పొడి మళ్లీ వాడుకోవచ్చు.

ఒకటి మర్చిపోకు. బూజు యురేనియాన్ని మాయం చెయ్యదు, పెద్ద డ్రమ్ములోది చిన్న సీసాలోకి తెస్తుందంతే. ఆ సీసా, వాడిన పొడి, కడిగిన నీళ్లు ఏవీ సింక్‌లోకి పోవు. వాటికి డబ్బాలు ఎక్కడ, ఎవరు తీసుకుంటారు అన్నది మొదటి ఫ్లాస్క్ ఎత్తకముందే మీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని అడుగు.

మీ పెదనాన్న