ప్లీహాన్ని వదిలేయకు

చిరంజీవి సుమకు మావయ్య ఆశీస్సులు.

ఉప్పల్ రోడ్డు ల్యాబులో చేరావనీ, ఆస్టియోపెట్రోసిస్ (ఎముక కరగక పేరుకుపోయే జబ్బు) ఉన్న చిట్టెలుకల్లో రక్తకణాల తయారీ మీద పని ఇచ్చారనీ అమ్మ చెప్పింది. మంచి సమస్యే దొరికింది. అయితే ఎముకనే పట్టుకుని కూర్చోకు.

ఈ జబ్బున్న మీ ‘ఓపీ’ రకం ఎలుకల్లో చెడింది సీఎస్ఎఫ్-1 అనే ప్రోటీను జన్యువని 1990లో తేలింది. ఆ ప్రోటీను లేనిదే ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులు సరిగా తయారుకావు. దాంతో రక్తకణాలు తయారయ్యే మూలుగ ఉండాల్సిన చోటంతా ఎముకే నిండిపోతుంది. కోసి చూడగానే ‘రక్తం తయారీ ఆగిపోయింది’ అని రాయబుద్ధేస్తుంది. రాయకు. చిట్టెలుకకు పెద్దయ్యాక కూడా ప్లీహంలో రక్తం తయారవుతుంది. ఎముకలో చోటు చాలకపోతే ఆ పని అక్కడ పెరుగుతుంది, కాలేయంలోనూ మొదలవుతుంది. అందుకే తొడ ఎముకలు తీసిన రోజే ఆ రెండూ తియ్యి. ప్లీహం బరువు తప్పకుండా తూచు.

కణాలను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ ఇచ్చే శాతాలను ఒంటరిగా నమ్మకు. మూలుగలో మూలకణాల (రక్తకణాలన్నీ పుట్టే తొలి కణాల) శాతం బాగానే కనిపించవచ్చు, ఎముక మొత్తంలో కణాలే కొన్ని ఉంటే ఆ శాతానికి విలువేముంది? అవయవానికి మొత్తం ఎన్ని కణాలో లెక్కగట్టు.

ఈ ఎముకల్లోకి సిరంజి సూది దూరడమే కష్టం, ఇక ద్రవం చిమ్మి మూలుగను బయటికి తోస్తే (ఫ్లష్ చేస్తే) ఏం వస్తుంది? కల్వంలో వేసి నలగ్గొట్టు. ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువుల ఎముకలనూ అలాగే నలగ్గొట్టాలి సుమా! లేకపోతే నీకు కనిపించే తేడా జబ్బుదో, నీ పద్ధతిదో చెప్పలేవు.

వీటికి పళ్లు రావు. గట్టి పెల్లెట్లు వేస్తే ఆకలితో చిక్కిపోతాయి, ఆ ఆకలే రక్తం లెక్కలను మార్చేస్తుంది. మేత పొడి చేసి, తడిపి పెట్టించు, తోబుట్టువులకూ అదే. ఎలుకల గది చూసే అతన్ని మంచి చేసుకో, సగం థీసిస్ అతని చేతిలోనే ఉంటుంది.

వయసు కలపకు. ఓపీ ఎలుకల్లో వయసుతోపాటు మూలుగ చోటు కొంత తిరిగి తెరుచుకుంటుంది. ఆరు వారాల ఎలుకనూ ఆరు నెలల ఎలుకనూ ఒకే గుంపులో వేస్తే సగటుకు అర్థముండదు.

మీ గైడు మూలుగ మార్పిడి చేద్దామంటే ముందు ఏ ఎలుకలకో అడుగు. 1975లో వాకర్ అనే శాస్త్రవేత్త మూలుగ, ప్లీహ కణాలు ఎక్కించి ఎముక జబ్బు నయం చేసినవి వేరే ఉత్పరివర్తన (జన్యువులో మార్పు) ఉన్న ఎలుకలు. ఓపీలో రక్త మూలకణాల తప్పేమీ లేదు, వాటికి అందాల్సిన సీఎస్ఎఫ్-1 లేదు. కొత్త కణాలు పెట్టినా అదే కొరత.

మొదటి విడత బరువులు, లెక్కలు చేతికి రాగానే ఆదివారం తార్నాక రా. భోజనం ఇక్కడే. నోట్‌బుక్కు తెచ్చుకో, గ్రాఫులు ఇప్పుడే వద్దు.

మీ మావయ్య